రొమ్ము క్యాన్సర్ ముందస్తు పరీక్ష: సీమ పల్లెల్లోని స్త్రీలు ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయించుకోవాలి

30 ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకి, 65 ఏళ్లు వచ్చేవరకు, ఐదేళ్లకొకసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. నోటి క్యాన్సర్‌కూ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ చేయవలసిన పరీక్షలు కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. ఆ తర్వాత 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలను జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, దేశం మొత్తం మీద అవునన్నవారు 0.9 శాతం. వంద మందిలో ఒక్కరు కూడా లేరన్నమాట. మార్గదర్శకం కాగితం మీద ఉంది, పరీక్ష చేయవలసిన మనిషి ఊళ్లో ఉంది, చేయించుకోవలసిన మనిషీ ఊళ్లోనే ఉంది. ఈ ముగ్గురినీ కలిపే పని మాత్రం జరగడం లేదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పల్లెల్లో ఉండే స్త్రీ ఆ పనిని తనకోసం తాను ఎలా జరిపించుకోవచ్చో వివరించడానికే ఇది రాస్తున్నాను.

మా పిన్నమ్మది కళ్యాణదుర్గం వైపు పల్లె. వినాయక చవితికి ముందు తలకు పోసుకుంటుండగా ఎడమ రొమ్ములో, చంక వైపున, శెనక్కాయ విత్తనమంత గట్టి గడ్డ ఆమె చేతికి తగిలింది. నొక్కితే నొప్పి లేదు, జ్వరం లేదు, పైన చర్మం మామూలుగానే ఉంది. "నొప్పి ల్యాదు కదమ్మీ, శెనక్కాయలు పీకేది అయిపోనీ, పోదాంలే" అని నాతోనే అన్నది. అప్పటికి పన్నెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. కాయ పీకడం అయింది, కొట్టించడం అయింది, సంక్రాంతి వెళ్లిపోయింది. ఉగాది దాటాక డాక్టరుకు చూపించేనాటికి ఆ గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలో రెండు బిళ్లలు కట్టాయి. ఆమెను ఆపింది నొప్పి లేకపోవడమే. నిజానికి రొమ్ములో నొప్పి లేకుండా గట్టిగా తగిలే గడ్డనే అన్నిటికంటే ముందు అనుమానించాలి.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, దాదాపు 98,000 మంది దానితో చనిపోయారు. భారతీయ స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఈ జబ్బు సగటున పదేళ్లు ముందుగా, నలభైల్లోనూ యాభైల్లోనూ, ఎక్కువగా కనిపిస్తోంది. ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు అనుకోవడం సరికాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో ఎక్కువమందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఆ జబ్బు ఉండదు.

ఏ వయసులో ఏ పరీక్ష

ఫోనులో వెతికితే 40 ఏళ్లు నిండగానే మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) తీయించుకోవాలని కనిపిస్తుంది. అది అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2024 ఏప్రిల్‌లో చెప్పిన మాట: 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకొకసారి మామోగ్రామ్. అంతకుముందు, 2016లో, అదే బృందం 50 ఏళ్ల నుంచి మొదలుపెట్టమని, నలభైల్లో ఉన్నవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని చెప్పింది. మామోగ్రామ్ యంత్రం, దాని ఫిలిం చదవగలిగే రేడియాలజిస్టు, రెండేళ్లకొకసారి పిలిచే ఏర్పాటు ఉన్న దేశానికి అది తగిన సలహా. అవి అందుబాటులో లేని ఊరికి అదే సలహాను యథాతథంగా తెచ్చిపెడితే, ఆలూరు పక్కన ఉండే తల్లి "ఆ మిషను మనకాడ ఎక్కడుంది" అని చేతితో చేసే పరీక్షను కూడా మానేస్తుంది. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

చేతి పరీక్ష అంటే మామోగ్రామ్ లేక సరిపెట్టుకునే పని అని చాలామంది అనుకుంటారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,538 మంది స్త్రీలతో 1998లో మొదలుపెట్టిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. వారిలో సుమారు సగం మందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చొప్పున నాలుగు విడతలు చేతితో రొమ్ము పరీక్ష చేశారు. పరీక్ష చేయించుకున్న గుంపులో జబ్బు తక్కువ దశలో దొరికింది. 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో మరణాలు అలా తగ్గలేదన్నది కూడా చెప్పాలి. అయినా ఆ పరీక్షలు చేసినవారు పెద్ద డాక్టర్లు కారు, మన ఏఎన్ఎంల వంటి ఆడవాళ్లే. అందువల్ల మన ప్రాంతపు స్త్రీకి నేను చెప్పేది ఇది: 30 నుంచి ఐదేళ్లకొకసారి చేతి పరీక్ష కనీస హక్కు, 40 దాటాక వీలైతే రెండేళ్లకొకసారి అదే పరీక్ష అడిగి చేయించుకోండి, 50 దాటినవారు, జిల్లా ఆసుపత్రిలోనో దగ్గరి పట్టణంలోనో మామోగ్రామ్ దొరికితే, రెండేళ్లకొకసారి దాన్ని కూడా కలుపుకోండి. నలభైల్లో మామోగ్రామ్ తీయించుకోవాలా అన్నది డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. వయసు తక్కువైనకొద్దీ రొమ్ము దట్టంగా ఉండి ఫిలింలో గడ్డ సరిగా కనబడకపోవడం, లేని అనుమానం కనబడడం రెండూ ఎక్కువ.

కొందరికి ఈ లెక్క చాలదు. తల్లికి, అక్కచెల్లెళ్లకు, కూతురికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే, ముఖ్యంగా చిన్న వయసులో వచ్చి ఉంటే, ఆ సంగతి మొదటి మాటగా డాక్టరుకు చెప్పాలి. తండ్రి వైపు వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేనత్తకు వచ్చిన జబ్బును "అది వాళ్లింటి సంగతి" అని వదిలేయడం మన దగ్గర తరచుగా జరుగుతుంది, కానీ జన్యువు తండ్రి నుంచి కూడా అంతే వస్తుంది. అలాంటి కుటుంబాల్లో పరీక్షలు, ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసుకంటే పదేళ్లు ముందుగానే మొదలుపెట్టమని సాధారణంగా సలహా ఇస్తారు. అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ కూడా తీస్తారు.

ఇంట్లో చూసుకోవడం

చైనాలోని షాంఘైలో 2,66,000 మందికి పైగా మిల్లు కార్మిక స్త్రీలతో చేసిన పరిశోధనలో, ప్రతి నెలా ఎవరికి వారు రొమ్ము తడిమి చూసుకునే పద్ధతి నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. కాబట్టి ఇంట్లో చూసుకుంటున్నాను కదా అని ఆరోగ్య కార్యకర్త చేసే పరీక్షను మానేయకూడదు. మరి ఇంట్లో ఎందుకు చూసుకోవాలంటే, మీ ఒంటి మామూలు తీరు ఏమిటో మీకు తెలిసి ఉంటేనే మార్పు వచ్చిన రోజు గుర్తుపట్టగలరు. మా పిన్నమ్మ గడ్డను పట్టుకున్నది ఆమె చెయ్యే. తప్పు ఆ తర్వాత జరిగింది.

నెలసరి వచ్చేవారు, మొదలైన రోజు నుంచి ఏడు నుంచి పది రోజుల మధ్య చూసుకోవాలి, ఎందుకంటే అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది, నొప్పి తక్కువ. నెలసరి ఆగిపోయినవారు ఏదో ఒక గుర్తుండే రోజు పెట్టుకోవచ్చు. పింఛను అందే ఒకటో తేదీని గుర్తుగా పెట్టుకున్న అవ్వలు నాకు తెలుసు. ముందు అద్దం ముందు నిలబడి, చేతులు కిందికి వదిలి ఒకసారి, తల వెనుక పెట్టి ఒకసారి, నడుము మీద ఆనించి గట్టిగా నొక్కి ఒకసారి చూడాలి. రెండు రొమ్ములు కొద్దిగా ఎక్కువ తక్కువ ఉండడం సహజమే. చూడవలసినది కొత్తగా వచ్చిన మార్పు: ఒకచోట చర్మం లోపలికి గుంట పడడం, ఎప్పుడూ బయటికి ఉండే చనుమొన లోపలికి లాక్కుపోవడం, చనుమొన చుట్టూ మానని పుండు లేదా పొక్కు, ఎర్రదనం, చర్మం మందంగా మారి చీనీకాయ తొక్కలాగా సన్నసన్నని గుంటలతో కనబడడం. మన అనంతపురంవాళ్లకు చీనీ తొక్క ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. రొమ్ము మీద చర్మం అలా కనబడితే ఒక్క వారం కూడా ఆగకూడదు.

తర్వాత పడుకుని, చూసుకునే వైపు భుజం కింద చిన్న దిండో మడతపెట్టిన చీరో పెట్టుకుని, ఆ చేతిని తల కిందికి మడిచి, రెండో చేతి మధ్య మూడు వేళ్లతో తడమాలి. వేలి కొసతో పొడవకూడదు, వేళ్ల మెత్తని భాగాన్ని ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ఒక్కొక్క చోట ముందు తేలికగా, తర్వాత కొంచెం గట్టిగా, చివరికి లోపలి ఎముక తగిలేటంత గట్టిగా. గొర్రుతో సాలు పక్కన సాలు పట్టినట్టు, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా ఒక సాలు, దాని పక్కనే ఇంకొకటి, చంక నుంచి ఛాతీ నడిమి ఎముక వరకు ఎక్కడా సాలు తప్పకుండా రావాలి. చంకను వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. చివరగా, చనుమొన నుంచి తనంతట తానే, ఒక్క వైపే, నీరులాంటిదిగాని రక్తంగాని కారుతోందా, జాకెట్టు మీద మరక పడుతోందా గమనించాలి.

దొరికిన గడ్డల్లో ఎక్కువవి క్యాన్సర్ కావు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో వేళ్ల కింద జారిపోయే నున్నని గడ్డలు, నెలసరి ముందు వచ్చి తర్వాత తగ్గే గట్టిదనం, పాలిచ్చే తల్లుల్లో పాలు గడ్డకట్టి వచ్చే వాపు, ఇవన్నీ మామూలే. పాలిచ్చే తల్లికి మందులు వాడిన రెండు వారాల తర్వాత కూడా గడ్డ అలాగే ఉంటే స్కానింగు తీయించాలి. "పాలగడ్డలే" అని నెలల తరబడి కాపడం పెట్టడం ప్రమాదం. అలాగే ఏ గడ్డనైనా ఒక నెలసరి దాటేవరకు చూడవచ్చుగాని అంతకు మించి చూడకూడదు. నెలసరి ఆగిపోయిన స్త్రీకైతే ఆ నెల గడువు కూడా లేదు. అరుదుగానైనా ఈ జబ్బు మగవాళ్లకూ వస్తుంది. మగవాడి చనుమొన కింద గట్టి గడ్డ తగిలినా ఇదే దారి పట్టాలి.

ఊళ్లో చేసే పరీక్ష

మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర 30 ఏళ్లు దాటినవారి కోసం ఒక ఫారం ఉంటుంది. అందులో వయసు, నడుము కొలత, పొగాకు అలవాటు, కుటుంబంలో జబ్బులతోపాటు రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, రొమ్ము ఆకారం మారిందా అని కూడా అడగాలి. వాకిట్లో మామగారు మంచం మీద కూర్చుని ఉండగా ఈ ప్రశ్న అడిగితే ఏ కోడలూ అవునని చెప్పదు, అన్నీ "లేవు" అనే రాసుకుని పోతారు. మీ ఫారం ఇలా నిండి ఉందని అనిపిస్తే ఆశాను పక్కకు పిలిచి "అక్కా, ఆ ప్రశ్నలు మళ్లీ ఒకసారి అడుగు" అనండి. అలా అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

పరీక్షను విలేజ్ హెల్త్ క్లినిక్‌లోని ఏఎన్ఎంగాని, ఎంఎల్‌హెచ్‌పి (డాక్టరు కింది స్థాయిలో ఆ క్లినిక్ చూసే ఆరోగ్య ఉద్యోగి) గాని చేస్తారు. పీహెచ్‌సీలో లేడీ డాక్టరు ఉంటే ఆమె చేస్తారు. మంచి పరీక్ష ఎలా ఉంటుందో తెలిసి ఉంటేనే అడగగలం. తలుపు మూసి లేదా తెర కట్టి, జాకెట్టు తీయించి, ముందు కూర్చోబెట్టి చూసి, తర్వాత పడుకోబెట్టి, రెండు రొమ్ములను, రెండు చంకలను, మెడ కింది ఎముక పైభాగాన్ని కూడా వేళ్లతో తడిమి చూడాలి. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. చీర మీదుగానే తాకి అర నిమిషంలో "ఏం లేదులే, పో" అంటే పరీక్ష జరగనట్టే. అలా జరిగితే గొడవ పడకుండా, "మేడం, చంక కూడా చూడండి" అని ఒక్క మాట అనండి. చాలాసార్లు ఆ మాటతోనే పరీక్ష సరిగా జరుగుతుంది. అది కూడా కాకపోతే 104 వాహనంతో డాక్టరు వచ్చే రోజు మళ్లీ అడగండి. పరీక్ష అయ్యాక తేదీ, ఏం కనబడింది అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. గడ్డ లేకపోయినా రాయించుకోండి.

అక్టోబరు వస్తే ప్రపంచమంతా రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని గులాబి రంగు బ్యానర్లు కట్టి శిబిరాలు పెడతారు. అనంతపురం జిల్లాలో అక్టోబరంటే ఆడవాళ్లు తెల్లవారక ముందే శెనక్కాయ చేలల్లో ఉండే కాలం. శిబిరం పది గంటలకు మొదలవుతుంది, వచ్చేవాళ్లు ఉండరు. శిబిరం నిర్వహించేవారిని నేను చేతులు జోడించి కోరేది, దాన్ని ఏప్రిల్, మే నెలలకు మార్చండి, ఉదయం కరువు పని జరిగే చోటికి దగ్గరలోని అంగన్‌వాడీ గదిలో పెట్టండి. మస్టరు పడ్డాక ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు, ఒకరిని చూసి ఒకరు వస్తారు.

ఈ పద్ధతి మనమే కనిపెట్టవలసింది కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే హిస్పానిక్ సమాజపు స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ తెల్లజాతి స్త్రీలకంటే తక్కువగా వస్తుంది, అయినా క్యాన్సర్ మరణాల్లో వారికి అదే మొదటి కారణం, జబ్బు ముదిరాక బయటపడడం వారిలో ఎక్కువ. బీమా లేకపోవడం, ఆసుపత్రిలో మాట్లాడే భాష రాకపోవడం, ఒక రోజు పనికి పోకపోతే కూలి పోవడం, కాగితాలు లేనివారికి పట్టుబడతామనే భయం, ఇవి అక్కడి అడ్డంకులు. 1990లో చేసిన చట్టంతో ఆ దేశం, డబ్బు లేని స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఉచితంగానో తక్కువ ఖర్చుకో చేసే కార్యక్రమాన్ని 1991లో మొదలుపెట్టింది. అంతకంటే నన్ను కదిలించింది "ప్రొమోతోరా"ల పని. అదే వాడలో పుట్టి, అదే భాష మాట్లాడే ఆడమనిషి ఇంటికి వచ్చి విషయం చెప్పి, తేదీ ఇప్పించి, ఆ రోజు వెంట ఆసుపత్రికి కూడా వెళ్తుంది. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో అనంతపురంలో ఆర్డీటీ అనే సేవా సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ కారణంగా స్పానిష్ పేర్లు మన జిల్లాకు కొత్త కావు. ఈ ప్రొమోతోరా అనే మాటను కూడా మన ఆశా అక్కలు తమదిగా చేసుకోవచ్చు. చెప్పి వదిలేయకుండా వెంట వెళ్లడం, అక్కడ పనిచేసిన కిటుకు అదే.

డ్వాక్రా సంఘంలో దీన్ని మొదలుపెట్టడం సులభం. పది పన్నెండు మంది సభ్యుల పేర్లు పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. పొదుపు, అప్పు గళ్ల పక్కన ఇంకో గడి గీసి, ప్రతి సభ్యురాలి వయసు, చివరిసారి రొమ్ము పరీక్ష చేయించుకున్న తేదీ రాయండి. తేదీ లేనివారిని ఒకే రోజు కలిసి క్లినిక్‌కు తీసుకుపోండి. ఒంటరిగా పోవడానికి సిగ్గుపడే మనిషి నలుగురితో కలిస్తే వస్తుంది.

పట్టణానికి పంపినప్పుడు

చేతి పరీక్షలో ఏదైనా తగిలితే పట్టణానికి పంపుతారు. కర్నూలులో పెద్దాసుపత్రి, అక్కడి వైద్య కళాశాల ఆవరణలోనే కట్టిన రాష్ట్ర క్యాన్సర్ సంస్థ, అనంతపురంలో సర్వజనాసుపత్రి, కదిరి దారిలో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి, కడపలో రిమ్స్, వీటికి మన ప్రాంతంవారు వెళ్తారు. అక్కడి నుంచి తిరుపతి స్విమ్స్‌కో, 2022లో తిరుపతిలోనే ప్రారంభమైన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ సంస్థకో, కర్నూలువారు హైదరాబాదుకో, అనంతపురంవారు బెంగళూరుకో పోవడం మామూలు. ఏ ఓపీ ఏ రోజు ఉంటుంది, మామోగ్రామ్ ఆ వారం తీస్తున్నారా లేదా అన్నది ఆశా ద్వారానో, పీహెచ్‌సీ ద్వారానో ముందే ఫోను చేసి కనుక్కుని బస్సెక్కాలి. ఒక్కసారి ఉత్తచేతులతో తిరిగి వచ్చిన మనిషిని రెండోసారి పంపడం చాలా కష్టం.

వెళ్లేరోజు ఆధార్, రైస్ కార్డు, ఊళ్లో రాయించుకున్న కాగితం, పాత స్కానింగులు ఉంటే అవి, వాడుతున్న మందుల చీటీ ఒక సంచిలో పెట్టుకోండి. చీర కట్టుకోండి, లేదా పైన విడిగా తీయగలిగే బట్టలు వేసుకోండి. మామోగ్రామ్ తీసేరోజు చంకల్లో, రొమ్ము మీద పౌడరు, సెంటు, నూనె పూసుకోకూడదు. వాటిలోని రేణువులు ఫిలింలో చుక్కలుగా కనబడి అనవసరపు అనుమానం తెస్తాయి. యంత్రంలో రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలపాటు గట్టిగా నొక్కుతారు. అది నొప్పిగానే ఉంటుంది, కానీ నొక్కితేనే ఫిలిం స్పష్టంగా వస్తుంది. దాని కిరణాల మోతాదు చాలా తక్కువ. చిన్న వయసువారికి గడ్డ ఉంటే ముందు స్కానింగు తీస్తారు, 40 దాటినవారికి తరచుగా రెండూ తీస్తారు.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె రాసి ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోండి. 0 అంటే ఇంకా ఫిలింలు కావాలి, తీర్పు ఇంకా రాలేదు అని. 1, 2 అయితే భయం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలల తర్వాత మళ్లీ తీయాలి. 4 అయితే అనుమానం ఉంది, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలి. 5 అయితే అనుమానం చాలా బలమైనది. 3 వచ్చినవారిని చూసి నాకు ఎక్కువ దిగులు, ఎందుకంటే "ఏం లేదన్నారు" అని ఇంటికి వచ్చి ఆ ఆరు నెలల మాట మరిచిపోతారు.

గడ్డ ఏమిటో తేల్చేది ముక్క పరీక్షే. లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో బలంగా నమ్ముతారు. అది నిజం కాదు. దీనికి విరుద్ధంగా జరిగే పని నిజంగా ప్రమాదం. మా ఊరికి దగ్గరి పట్టణంలో ఒక చిన్న క్లినిక్‌లో, మా బంధువుల అమ్మాయికి గడ్డను మత్తు సూది వేసి కోసి తీసి, పరీక్షకు పంపకుండా పారేశారు. ఏడాదికి అదే చోట మళ్లీ లేచింది, అప్పుడు మొదటి గడ్డ ఏమిటో చెప్పడానికి ఎవరి దగ్గరా ఏ ఆధారమూ లేదు. ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రాకముందు గడ్డ తీయించుకోవద్దు. తీసిన ప్రతి ముక్కకూ రిపోర్టు తీసుకోండి, వేరే ఆసుపత్రికి పోవలసి వస్తే ఆ స్లైడ్లను, మైనపు బ్లాకులను కూడా అడిగి తీసుకుపోండి. క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పరీక్షలు అదే ముక్క మీద చేయాలి. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే.

అరవై రోజుల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం, స్త్రీ మొదటిసారి ఆరోగ్య సిబ్బందికి చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లోగా జబ్బు ఏమిటో తేల్చాలని లక్ష్యం పెట్టింది. ఇంట్లో కూడా అదే లెక్క పెట్టుకోవాలి. మొదటి పరీక్ష జరిగిన రోజున గోడ క్యాలెండరులో సున్నా చుట్టి, అరవయ్యో రోజున ఇంకో సున్నా చుట్టండి. మొదటి వారంలో పట్టణపు డాక్టరు, రెండు మూడు వారాల్లో స్కానింగు, మామోగ్రామ్, నెల తిరగక ముందే ముక్క పరీక్ష జరగాలి, ఆ తర్వాత రిపోర్టుకు పట్టే రోజులు. నాటు మందు, పసరు కట్టు, తాయెత్తు, పరిచయస్తుడైన ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు ఈ అరవై రోజుల్లోకి చొరబడకుండా చూడవలసింది ఇంట్లోని మగవాళ్లు. కట్టు కట్టించుకుంటానని ఆమే అన్నా, ముక్క పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగమని చెప్పి, బస్సు చార్జీ చేతికిచ్చి, వెంట వెళ్లండి.

క్యాన్సర్ అని తేలితే ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) మూడూ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరుగుతాయి; పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గర రైస్ కార్డు, రిపోర్టులు చూపించాలి. వేరే రాష్ట్రానికి పోవాలనుకుంటే కార్డు అక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే అడగండి. కరెంటు పెట్టడం మొదలైతే వారానికి ఐదు రోజుల చొప్పున సాధారణంగా మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది, కాబట్టి ఉండడానికి చుట్టాల ఇల్లు ఉన్న ఊరిని ఎంచుకోవడం మంచిది. మా పిన్నమ్మను కన్నబిడ్డలా చూసుకున్న కోడలు ఆమెను తిరుపతిలో తన పుట్టింటివారి దగ్గర ఉంచి అన్నీ చేయించింది. చికిత్స పూర్తి కావడానికి ఏడాది దాకా పట్టింది. ఇప్పుడు రోజుకొక హార్మోను మాత్ర వేసుకుంటుంది. మాత్రల అట్టను దేవుడి పటం పక్కన మేకుకు తగిలించి, ఒక్కొక్క గడి ఖాళీ అవుతుంటే వేలితో తాకి లెక్కపెడుతుంది. గడ్డ శెనక్కాయ విత్తనమంత ఉన్నప్పుడే వెళ్లి ఉంటే, ఆమెకు ఆ కీమోలో ఎంత తప్పేదో నేను తరచుగా లెక్కవేస్తుంటాను.

పరీక్షలో ఏమీ లేదని తేలినవారికి కూడా ఒక చిన్న పని మిగిలి ఉంటుంది. ఆ కాగితాన్ని రైస్ కార్డు పెట్టే కవరులోనే పెట్టండి, దాని వెనుక తర్వాతి పరీక్ష నెల, సంవత్సరం పెద్ద అంకెలతో రాయండి, ఆ తేదీని కూతురికో కోడలికో చెప్పి ఆమె ఫోనులో కూడా పెట్టించండి.